మూడున్నర గంటల ప్రయాణానికి పది నెలలు

మదనపల్లె నుంచి బెంగళూరుకి బస్సులో మూడున్నర గంటలు. చింతామణిలో టీకి ఆపితే ఇంకో పావుగంట. ఆ కాస్త దూరం పోవడానికి మాకు పది నెలలు పట్టింది.

మా పాపకి పిల్లల ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచే జబ్బు. ఆ సంగతి తెలిసినవాళ్ళు "అయ్యో, ప్రతిసారీ బెంగళూరు పోవాలా, మనూళ్ళో అలాంటి డాక్టర్ లేరా" అంటారు. లేరు. పిల్లల కీళ్ల జబ్బులు మాత్రమే చూసే డాక్టర్లు బెంగళూరు, హైదరాబాద్, చెన్నై లాంటి చోట్లే ఉంటారు, అక్కడ కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. పోయి రావడం కష్టమే, దాని గురించీ చెప్తాను. కానీ ఎక్కడికి పోవాలో తెలిస్తే ఏ తల్లయినా గాజులు అమ్ముకునైనా పోతుంది. మాకు అసలు ఎక్కడికి పోవాలో తెలియకుండానే పది నెలలు గడిచిపోయాయి, ఈ పోస్టు ఎక్కువగా ఆ పది నెలల గురించే. డాక్టర్ల పేర్లు, ఆస్పత్రుల పేర్లు అడగొద్దు, రాయను. ఎవరి మీదా కోపం లేదు. (కొంచెం ఉంది, కానీ పేర్లు రాసేంత కాదు.)

2018 డిసెంబర్. పాపకి అప్పుడు మూడున్నరేళ్ళు. ఒకరోజు పొద్దున మంచం దిగి ఎడమ కాలు ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఏడవలేదు, నొప్పి అనలేదు. మోకాలు పూర్తిగా చాచకుండా, మునివేళ్ళ మీద ఆనించి నడుస్తోంది. మా అత్త చూసి "రాత్రి కాలు మడత పడి పడుకునుంటుంది, తిమ్మిరి పట్టింది" అని నువ్వుల నూనె వెచ్చచేసి రాసింది. పదకొండు గంటలకల్లా వీధిలో పిల్లలతో పరుగులు. సరే అనుకున్నాం. మర్నాడు పొద్దున మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే.

ఇప్పుడైతే నిద్రలో లేపి అడిగినా చెప్తాను: పొద్దున బిగుసుకుపోయి, కదిలే కొద్దీ వదిలి, మధ్యాహ్నానికి మామూలైపోవడమే ఈ జబ్బు గుర్తు. అప్పుడు తెలియదు కదా. పైగా మేము డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోయాం, సాయంత్రం ఆరు గంటల ఓపీకి. పాప ఆ గదిలోకి గెంతుకుంటూ పోయింది. డాక్టర్ గారు పడుకోబెట్టి కాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి "ఎదిగే వయసులో కాళ్ళ నొప్పులు మామూలేనమ్మా" అన్నారు. కాల్షియం సిరప్, విటమిన్ డి రాశారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఎదుగుదల నొప్పులనేవి నిజంగానే ఉంటాయి, అయితే అవి రాత్రిపూట వస్తాయి, రెండు కాళ్ళకీ వస్తాయి, తెల్లారేసరికి పోతాయి. మా పాపది సరిగ్గా తలకిందులు. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత ఎముకల డాక్టర్. "కింద పడిందా?" అన్నారు. మూడున్నరేళ్ళ పిల్ల కింద పడకుండా ఉంటుందా? పడింది అన్నాను. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చట, వాచేది కీలు లోపలి పొర కదా, ఎముక కాదు కదా. క్రేప్ బ్యాండేజ్ కట్టి రెండు వారాలు పరిగెత్తనివ్వొద్దన్నారు. ఈలోగా ఇంటికి వచ్చినవాళ్ళందరూ తలో మాట. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించమన్నవాళ్ళు నలుగురు. విరగని ఎముకకి కట్టు ఏంటి అని మా ఆయన ఒప్పుకోలేదు కానీ, ఒక దశలో నేనైతే బ్యాగు సర్దాను కూడా.

మూడోది ఇంకొంచెం పెద్ద ఊళ్ళో. అక్కడ రక్తపరీక్షలు చాలా చేశారు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చింది కాబట్టి "కీళ్లవాతం లేదు, భయపడాల్సింది లేదు" అన్నారు. పిల్లల ఆర్థరైటిస్‌లో చాలామందికి ఆ పరీక్ష నెగటివే వస్తుందని నాకు తెలిసేటప్పటికి ఇంకో ఆరు నెలలు. ఇంకో పరీక్ష ఏ.ఎస్.ఓ., అది ఎక్కువుంది. అంటే గొంతు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే రుమాటిక్ ఫీవర్ అయ్యుండొచ్చు, గుండెకి ప్రమాదం, 21 రోజులకి ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించాలి, ఏళ్ళ తరబడి వేయించాలి అన్నారు. గుండె అనే మాట వినపడ్డాక తల్లికి ఇంకేం ప్రశ్నలు వస్తాయి? నాలుగు ఇంజెక్షన్లు వేయించాం. ఆ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళకి తెలుసు అది ఎంత నొప్పో. తుంటి మీద వేస్తే రెండు రోజులు అసలే కుంటుతున్న పిల్ల ఇంకా కుంటేది. ఏ.ఎస్.ఓ. పెరగడమంటే ఈమధ్య గొంతుకి ఆ క్రిమి సోకిందని మాత్రమేనట, మన దగ్గర ఎంతోమంది పిల్లలకి అది ఎక్కువే ఉంటుందట. పైగా రుమాటిక్ ఫీవర్‌లో వాపు ఒక కీలు నుంచి ఇంకో కీలుకి పోతూ ఉంటుంది, ఒకే మోకాలిని నెలల తరబడి పట్టుకుని కూర్చోదు. రుమాటిక్ ఫీవర్ నిజంగా ఉన్న పిల్లకి ఆ ఇంజెక్షన్ ప్రాణం లాంటిది, దాన్నేమీ అనడం లేదు. మా పాపకి అది లేదు, అంతే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను టైలర్ని. డిగ్రీ చదివి బ్లౌజులు కుడతాను, పాప బట్టలన్నీ నా చేతివే. 2019 జూన్‌లో ఎల్.కె.జి.లో చేర్చేటప్పుడు యూనిఫామ్ ప్యాంట్ కుట్టాను. వేసి చూస్తే ప్యాంట్ ఎడమ కాలు పొట్టి, అర వేలు పైకి పోయింది. బట్ట కత్తిరించడంలో తేడా చేశాననుకున్నాను. మడత విప్పి సరిచేశాను. ఇంకో ప్యాంట్, అదీ అంతే. మళ్ళీ మడత విప్పాను. ఇరవై ఏళ్ళుగా కత్తెర పట్టిన చేయి ఒకే వైపు రెండుసార్లు తప్పు చేయదు అని అప్పుడు తట్టలేదు. వాచిన మోకాలికి రక్తప్రసారం ఎక్కువై ఆ పక్క ఎముక కాస్త వేగంగా పెరుగుతుందట, అందుకే ఆ కాలు పొడుగైంది. కొలత నా చేతిలోనే ఉంది, నేను బట్టని అనుమానించాను.

స్కూల్లో ఇంకో కథ. పొద్దున ప్రార్థనలో బాసింపట్టు వేసుకుని కూర్చోమంటే ఎడమ కాలు చాపి కూర్చుంటోందని, మెట్లు ఒక్కోటీ రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతోందని, మధ్యాహ్నం మాత్రం ఆటల పీరియడ్‌లో బాగానే పరిగెత్తుతోందని కంప్లైంట్. "కొంచెం యాక్టింగ్ చేస్తుంది మేడమ్, మీరు ఇంట్లో గారాబం తగ్గించండి" అని డైరీలో రాసి పంపారు. ఆ డైరీ నా దగ్గర ఇంకా ఉంది.

సెప్టెంబర్‌లో మా ఊళ్ళోనే కొత్తగా క్లినిక్ పెట్టుకున్న ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి దగ్గరికి పోయాం, నాకు మెడ నొప్పి అని. కుట్టుపని చేసేవాళ్ళకి అది మామూలే. పాప నాతోనే ఉంది, స్టూల్ మీద కూర్చుని దిగింది. ఆ అమ్మాయి నా మెడ వదిలేసి పాప కాళ్ళే చూస్తూ ఉంది. "అక్కా, టేపు ఉందా?" అంది. నా దగ్గర టేపు లేకపోవడమా! మోకాటి చిప్పకి పైన ఒకే ఎత్తులో రెండు తొడలూ కొలిచింది. ఎడమది రెండు సెంటీమీటర్లు సన్నం. వాడక కండ తగ్గిపోయింది. "పొద్దున ఎట్లుంటాది?" అని అడిగింది. పది నెలల్లో పొద్దున గురించి అడిగిన మొదటి మనిషి తను. చెప్పాను. "ఇది దెబ్బ కాదక్కా, పిల్లల ఆర్థరైటిస్ లాగుంది. రేపు లేవగానే ఫోన్‌లో వీడియో తియ్యి, ఆ వీడియో తీసుకుని బెంగళూరులో పిల్లల రుమటాలజిస్ట్, అంటే కీళ్ల జబ్బుల డాక్టర్ దగ్గరికి పో" అంది.

తనకెలా తెలుసు? పెద్ద చదువేమీ కాదు. ఇంటర్న్‌షిప్ బెంగళూరులో చేసింది, అక్కడ ఇలాంటి పిల్లల్ని ఇద్దరినో ముగ్గురినో చూసింది. అంతే తేడా. మా పాపని చూసిన ముగ్గురు డాక్టర్లూ తనకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళే, కానీ ఈ జబ్బున్న పిల్లని చూసి ఉండరు, లేదా చూసినా పేరు తెలియకుండానే చూసి ఉంటారు.

బెంగళూరులో ఆ డాక్టర్ ముందు వీడియో చూశారు, తర్వాత పాపని. నేల మీద కూర్చోమన్నారు, చేతులు ఆనించకుండా లేవమన్నారు, నమస్కారం పెట్టమన్నారు, తన మూడు వేళ్ళు తన నోట్లో పెట్టుకోమన్నారు (దవడ కీలు కోసం), పైకప్పు చూడమన్నారు. పాపకి ఆట లాగుంది. మోకాలే కాదు, ఎడమ చీలమండ కూడా వాచి ఉందని అప్పుడు తెలిసింది. జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అన్నారు. పదహారేళ్ళ లోపు మొదలై, ఆరు వారాలకి మించి ఉండి, వేరే కారణం ఏదీ దొరకని కీళ్ల వాపుకి ఆ పేరు. ఇడియోపతిక్ అంటే కారణం తెలియదని అర్థమట, ఇంత పెద్ద మాట వెనక ఉన్నది అదీ. రక్త క్యాన్సర్ లాంటివి కూడా ఇలాగే కాళ్ళ నొప్పితో మొదలవ్వొచ్చు కాబట్టి ముందు అవి కాదని తేల్చుకున్నారు. "మీరు స్టెరాయిడ్ మాత్రలు ఏమీ వాడలేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. అవి ముందే వాడేస్తే అలాంటి జబ్బు ఉన్నా కప్పబడిపోతుందట. వాడలేదు. ఆ ఒక్క విషయంలో మా అదృష్టం.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అత్త "కీళ్లవాతమా? నాకు రావాల్సింది దానికెట్లా వచ్చింది?" అని ఏడ్చేసింది. పిల్లలకి కూడా వస్తుందని ఎవరికీ తెలియదు. 1897లోనే లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టర్ పిల్లల్లో వచ్చే కీళ్ల జబ్బు పెద్దవాళ్ళ దానికంటే వేరుగా ఉంటుందని రాశాడు. పడమటి దేశాల లెక్కల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందంటారు. వెయ్యి మందంటే ఒక పెద్ద ప్రైవేట్ స్కూలు. అంటే స్కూలుకి ఒకరు.

మత్తు ఇచ్చి మోకాల్లోకి, చీలమండలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. వారానికల్లా పాప పొద్దున లేచి మామూలుగా నడిచి వంటింట్లోకి వచ్చింది. నేను దోశ పెనం మీద వదిలేసి చూస్తూ నిలబడ్డాను, దోశ మాడింది.

తర్వాత మెథోట్రెక్సేట్ మొదలైంది, వారానికి ఒక్కసారి వేసే మాత్ర. వారానికి ఒక్కసారే, రోజూ కాదు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నేను స్ట్రిప్ మీద స్కెచ్ పెన్‌తో "ఆదివారం రాత్రి" అని రాసి పెడతాను, మిగతా రోజుల్లో ఆ డబ్బా మా ఆయన బీరువాలో ఉంటుంది. మొదటిసారి మా వీధి మెడికల్ షాపులో చీటీ ఇస్తే ఆయన గొంతు తగ్గించి "ఎవరికమ్మా ఇది?" అన్నాడు. పాపకి అన్నాను. "ఇది క్యాన్సర్ మందు కదమ్మా..." పక్కన నిలబడ్డవాళ్ళు నా వైపు తిరిగారు. ఎక్కువ డోసులో క్యాన్సర్‌కి వాడతారు, ఇంత తక్కువ డోసులో కీళ్ల వాపుకి వాడతారు అని ఆ రోజు చెప్పలేకపోయాను, ఇప్పుడైతే ఎవరడిగినా ఆపకుండా పది నిమిషాలు చెప్తాను.

ఆ మాత్ర పసుపు రంగు. వేసుకున్న మర్నాడు వికారం, వాంతి. కొన్నాళ్ళకి మాత్ర చూస్తేనే వాంతి వచ్చేది, ఇంకొన్నాళ్ళకి పసుపు రంగు ఏది చూసినా. గుడిలో ప్రసాదం పులిహోర చేతిలో పెడితే మొహం తిప్పేసుకుంది, పూజారి గారు చిన్నబుచ్చుకున్నారు. డాక్టర్‌కి చెప్తే నవ్వలేదు, ఇది చాలామంది పిల్లల్లో చూస్తామన్నారు, మాత్ర బదులు చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్‌కి మార్చారు.

ఇక ప్రయాణాలు. మా ఆయన టమాటా మండీలో లెక్కలు రాస్తారు, సీజన్‌లో ఒక్క రోజు కూడా రాలేరు. నేనూ పాపే. అపాయింట్‌మెంట్ పదిన్నరకి అంటే ఐదున్నర బస్సు ఎక్కాలి. కీళ్లు బాగా బిగుసుకుపోయి ఉండే వేళకి పిల్లని లేపి బస్సు మెట్లు ఎక్కించాలి, అదొక శిక్ష. వేడినీళ్ళ బ్యాగు మోకాలికి కట్టి ఒళ్ళో పడుకోబెట్టుకునేదాన్ని. బస్సు, ఆటో, ఫీజు, రక్తపరీక్షలు, మధ్యాహ్నం భోజనం, ఆ రోజు నేను కుట్టని బ్లౌజుల డబ్బు, అన్నీ కలిపితే మందులు కాకుండానే నాలుగు వేలు దాటేది. మాకు ఇన్సూరెన్స్ ఉంది, కానీ అడ్మిట్ అయితేనే ఇస్తారట. ఈ జబ్బుకి అడ్మిషన్ ఉండదు, ఓపీ మాత్రం జీవితకాలమంత ఉంటుంది. అలా అని మేము అన్యాయమైపోయామనీ అనను. మూడున్నర గంటలే కదా. మా వాట్సాప్ గ్రూపులో ఉత్తరాంధ్ర వైపు కుటుంబం ఒకటుంది, వాళ్ళు రాత్రంతా రైల్లో వస్తారు. వాళ్ళ బాబుది ఇంకో రకం, రోజూ ఒకే వేళకి జ్వరం లేచి ఒంటి మీద పేత దద్దుర్లు వచ్చి పోయేవి, కీళ్లు తర్వాత వాచాయి. టైఫాయిడ్ అని మూడుసార్లు మందులు వాడారు. ఈ రకంలో ఒక్కోసారి ఒంట్లో వాపు అదుపు తప్పి ప్రాణం మీదికి వస్తుంది, ఆ బాబు ఐ.సి.యు. దాకా పోయి బయటపడ్డాడు.

లాక్‌డౌన్ వచ్చినప్పుడు రాష్ట్రం సరిహద్దు మూసేశారు. 2020 మార్చి 25. అదే రోజు టెలీమెడిసిన్ మార్గదర్శకాలు కూడా వచ్చాయట, అది నాకు తర్వాత తెలిసింది. మాకు తెలిసిందల్లా డాక్టర్ వీడియో కాల్‌లో చూస్తామన్నారని. ఫోన్‌ని కుట్టుమిషన్‌కి ఆనించి పెట్టి పాపని ఎదురుగా కూర్చోబెట్టాను. "రెండు మోకాళ్ళూ పక్కపక్కన చూపించండమ్మా. చిప్పకి లోపలి పక్క చిన్న గుంట కనిపిస్తోందా?" కుడి మోకాలికి ఉంది, ఎడమదానికి పూడిపోయి ఉంది. "చేతి వెనక వైపుతో తాకండి, తొడ మీద, మోకాలి మీద, పిక్క మీద. మోకాలు మిగతా రెండింటికంటే చల్లగా ఉండాలి." చల్లగా లేదు. అలా ఆ రెండు నెలల్లో ఆయన నాకు చూడటం నేర్పించారు. నిజం చెప్పాలంటే ఆ ఇరవై నిమిషాల కాల్ నాకు పది ట్రిప్పులంత పని చేసింది. అదే రోజుల్లో గ్రూపులో కర్నూలు నుంచి ఒకావిడ, వాళ్ళమ్మాయికి లూపస్ (ఒంట్లో రక్షణ శక్తి ఒంటి మీదికే తిరగబడే జబ్బు), హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రల కోసం ఊరంతా తిరిగింది. కరోనాకి పనిచేస్తుందని జనం ఎగబడి కొనేశారు, మార్చి చివర్లో ప్రభుత్వం దాన్ని షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితాలో పెట్టింది, ఏళ్ళుగా వాడుతున్న పిల్లకి మాత్రం దొరకలేదు. గ్రూపులో ఎవరి దగ్గర ఎన్ని స్ట్రిప్పులున్నాయో లెక్క వేసుకుని సర్దుకున్నాం.

కళ్ళ సంగతి దగ్గర నా చేయి ఆగుతుంది. ఏ.ఎన్.ఏ. అనే రక్తపరీక్ష పాజిటివ్‌గా ఉండి, చిన్న వయసులో, కొన్ని కీళ్లకే వచ్చిన పిల్లల్లో కంటి లోపల వాపు వచ్చే ప్రమాదం ఎక్కువ, యువైటిస్ అంటారు. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, నీళ్ళు కారవు. పిల్ల టీవీ బాగానే చూస్తుంది. లోపల మాత్రం పని జరిగిపోతూ ఉంటుంది, ఆలస్యమైతే శుక్లం, గ్లకోమా, చూపు పోవడం. అందుకే ఏ ఇబ్బందీ లేకపోయినా 3 నెలలకి ఒకసారి స్లిట్ ల్యాంప్ అనే కంటి యంత్రంలో చూపించాలి, ఫైలు మొదటి పేజీలోనే డాక్టర్ గుండ్రంగా గీత గీసి రాశారు. నేను ఊళ్ళో ఒక కంటి క్లినిక్‌కి తీసుకుపోయాను. "కన్ను ఎర్రగా లేదు, చూపు బాగుంది, ఎందుకమ్మా వచ్చారు?" అని టార్చి వేసి చూసి పంపేశారు. స్లిట్ ల్యాంప్ ఆయన పక్కనే ఉంది! గడ్డం ఆనించే ఆ యంత్రం మా కుర్చీకి మూడడుగుల దూరంలో ఉంది. దాంట్లో చూడండి సార్ అని నేను గట్టిగా అడగలేదు, ఫైలు తీసి ముందు పెట్టలేదు. ఆ తర్వాత కరోనా రెండో వేవ్, ప్రయాణాలు బంద్. 2021 ఆగస్టులో బెంగళూరు పోతే కుడి కంట్లో వాపు ఉందన్నారు. గంటగంటకీ చుక్కలు. అలారం పెట్టుకుని రాత్రిళ్ళు లేచి వేసిన రోజులు అవి. చూపు దక్కింది, కానీ ఆ కంటిలో చిన్న మచ్చ మిగిలింది.

దాని తర్వాతే అడాలిముమాబ్ అనే వాపు తగ్గించే ఇంజెక్షన్ మందు. ముందు టీబీ లేదని తేల్చుకోవడానికి చేతి మీద మాంటూ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. తర్వాత రెండు వారాలకి ఒక ఇంజెక్షన్. మన దేశంలో జైడస్ కంపెనీ 2014 డిసెంబర్‌లో దీని బయోసిమిలర్, అంటే అసలు మందుకి దీటైన చవక రకం తెచ్చింది, ఆ తర్వాత ఇంకొన్ని కంపెనీలు వచ్చాయి, లేకపోతే మాలాంటివాళ్ళు ఆ పేరు కూడా పలకలేరు. అయినా నెల ఖర్చు మా ఇంటి అద్దెకంటే ఎక్కువే. ఒక మాట, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు గుర్తుపెట్టుకోండి: డబ్బా మీద ఉన్న రేటు ఒకటి, కంపెనీ పేషెంట్ ప్రోగ్రామ్‌లో వచ్చే రేటు ఇంకొకటి. అడిగితేనే చెప్తారు. నేను మూడు నెలలు పూర్తి రేటు పెట్టి కొన్నాను, మొహమాటం ఖరీదు అది.

ఆ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. థర్మోకోల్ డబ్బాలో జెల్ ప్యాకులు, వాటికి నేరుగా తగలకుండా బ్లౌజు ముక్కలు చుట్టి మధ్యలో సిరంజీలు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూడున్నర గంటలు. ఒకసారి కండక్టర్ "ఏముందమ్మా డబ్బాలో, చేపలా?" అన్నాడు. పాప "నా సూది మామా, ఐస్‌లో పడుకోనుంది" అంది. ఆయన దగ్గరలో ఉన్నవాళ్ళని లేపి మాకు ముందు సీటు ఇచ్చాడు, ఎండ పడని వైపు.

ఇప్పుడు పాప ఐదో తరగతి. రెండేళ్ళుగా వాపు లేదు. బెంగళూరు నాలుగు నెలలకి ఒకసారి, మధ్యలో అంతా ఇక్కడే. ఇది ఎలా కుదిరిందంటే, మొదట్లో ఎదుగుదల నొప్పులన్న పిల్లల డాక్టర్ గారి దగ్గరికే నేను ఫైలు పట్టుకుని మళ్ళీ పోయాను. పోట్లాడాలనే పోయాను, దాచడమెందుకు. ఆయన ఫైలంతా చదివారు, అద్దాలు తీసి తుడుచుకుని "నాకు తట్టలేదమ్మా. చదివాను ఎప్పుడో, చూడలేదు ఎప్పుడూ" అన్నారు. ఇక పోట్లాట ఏముంది. ఆ రోజు నుంచి రక్తపరీక్షలు ఇక్కడి ల్యాబులోనే, రిపోర్టులు ఆయన చూసి బెంగళూరుకి మెసేజ్ పెడతారు, జ్వరం వస్తే ఇంజెక్షన్ ఆపాలా వద్దా అని వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు, ఏ టీకా ఇవ్వొచ్చు ఏది ఇవ్వకూడదు అనేదీ. ఊరూరా పెద్ద డాక్టర్ రావాలంటే రెండు తరాలు పడుతుంది, చండీగఢ్ పి.జి.ఐ. లాంటి పెద్ద ఆస్పత్రిలో ఈ పిల్లల జబ్బులకే ప్రత్యేకంగా డి.ఎం. అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు ఉందంటే సంతోషమే కానీ అక్కడి నుంచి ఎంతమంది మదనపల్లె వస్తారు? ఊళ్ళో ఉన్న డాక్టర్‌కి, బెంగళూరులో ఉన్న డాక్టర్‌కి మధ్య ఒక ఫోన్ నంబర్ ఉంటే చాలు, సగం బస్సు టికెట్లు మిగులుతాయి.

ఇంకోటి కూడా అనిపిస్తుంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి, ప్రభుత్వ స్కూళ్ళకి డాక్టర్ల టీములు వస్తున్నాయి. పళ్ళు, చెవులు, కళ్ళు, గుండె చూస్తారు. వాళ్ళ జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది, కీళ్ల వాపు లేదు. డాక్టర్ మా పాపతో నమస్కారం పెట్టించి, వేళ్ళు నోట్లో పెట్టించి చూసిన ఆ పద్ధతికి పీగాల్స్ అని పేరుంది, 2006లో ఇంగ్లండ్‌లో స్కూలు పిల్లల కోసం తయారుచేసి పెట్టారు, రెండు నిమిషాల పని. మొదట అడిగేవి మూడే ప్రశ్నలు: కీళ్లలో, కండరాల్లో, నడుములో నొప్పి గానీ బిగుసుకోవడం గానీ ఉందా, బట్టలు తనంతట తను వేసుకోగలదా, మెట్లు ఎక్కి దిగగలదా. మా పాప మెట్లు ఎక్కలేకపోతోందని స్కూల్లో చూశారు, చూసి డైరీలో రాశారు కూడా. జవాబు రాసి పంపారు, ప్రశ్న తెలియదు.

పోయిన నెల రాత్రి తొమ్మిదింటికి మా పిల్లల డాక్టర్ గారే ఫోన్ చేశారు. "అమ్మా, ఒక పాప వచ్చింది, ఐదేళ్ళు, కుడి మోకాలు, ఏడు వారాల నుంచి. పొద్దున వీడియో తెమ్మన్నాను, తెచ్చారు. వాళ్ళకి మీ నంబర్ ఇవ్వచ్చా?" ఇవ్వండి సార్ అన్నాను. ఆ తల్లి పావుగంటలో ఫోన్ చేసింది, సగం మాటలు ఏడుపే. పులిహోర సంగతి, కండక్టర్ సంగతి చెప్తే చివర్లో కొంచెం నవ్వింది. శుక్రవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది, ఐదున్నర బస్సుకి రిజర్వేషన్ చేయిస్తామంది. వద్దన్నాను. ఫోన్ చేసి మధ్యాహ్నానికి మార్పించుకో, మార్చమంటే మారుస్తారు, ఏడున్నర బస్సుకి పో, పిల్ల కాలు కాస్త వదిలాక బస్సు ఎక్కుతుంది అని చెప్పాను. కుడి వైపు సీటు తీసుకోమన్నాను, చింతామణి దాటాక ఎడమ వైపంతా ఎండ.